60 దాటితే హోరు, 80 దగ్గర స్టీరింగ్ వణుకు: ఈ కారుతో అరకు వెళ్లొచ్చా?

చక్రాలు విప్పి చూపించకుండా వెళ్లొద్దు. మీ కారుకు 60 దాటాక హోరు, 80–90 మధ్య స్టీరింగ్ వణుకు అని ప్రశ్నలో రాశారు, మెకానిక్ ‘వచ్చే సర్వీసులో చూద్దాం’ అన్నారని కూడా రాశారు. వణుకు ఒక్కటే అయితే ఆ మాట కొంతవరకు ఒప్పుకోవచ్చు. హోరు ఉన్నప్పుడు ఒప్పుకోకూడదు. రెండింటికీ కారణం ఒకటే అనుకోకండి, విడివిడిగా పట్టుకోవాలి.

ముందు హోరు సంగతి. విశాఖలో మధురవాడ దాటాక హైవే ఖాళీగా ఉన్నప్పుడు 60లో వెళ్తూ యాక్సిలరేటర్ వదిలేసి ఒక్క క్షణం న్యూట్రల్ చేయండి. ఇంజిన్ వేగం పడిపోయినా హోరు అలాగే ఉంటే అది చక్రాల దగ్గరిదే. తర్వాత చూడాల్సింది టైరా, బేరింగా (చక్రం సాఫీగా తిరగడానికి లోపల గుండ్లుండే రింగు) అని. రోడ్డు మారినప్పుడల్లా, అంటే తారు నుంచి సిమెంటు రోడ్డు మీదికి వెళ్లగానే, శబ్దం మారితే టైరు మీద అనుమానం. అరచేత్తో టైరు గట్లను ముందుకీ వెనక్కీ తడమండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపంలా తగిలితే టైరు ఎగుడుదిగుడుగా అరిగింది. రోడ్డు ఏదైనా శబ్దం అలాగే ఉండి, మెల్లగా ఎడమకు తిప్పినప్పుడు పెరిగి కుడికి తిప్పితే తగ్గితే కుడివైపు బేరింగ్ పోతోంది. ఎడమకు తిరిగేటప్పుడు బరువంతా కుడి చక్రం మీద పడుతుంది కాబట్టి.

ఇంటి దగ్గర ఇంకా గట్టిగా తేల్చుకోవచ్చు. చదునైన చోట, ఎత్తబోయే చక్రానికి మూలగా ఎదురున్న చక్రానికి ముందూ వెనకా రాయి పెట్టి, జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి చెయ్యి పెట్టొద్దు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆట, అంటే వదులు, కనిపిస్తే బేరింగ్ గానీ బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే గుండు కీలు) గానీ. ఎడమా కుడీ పట్టుకుని ఊపితేనే ఆడితే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ చివర) చూడాలి. తర్వాత ఒక చెయ్యి స్ప్రింగ్ మీద ఆనించి చక్రం తిప్పండి. బేరింగ్ గరగరలాడుతుంటే అది స్ప్రింగ్‌లోంచి చేతికి తెలిసిపోతుంది.

బేరింగ్ ఎందుకు పోతుందంటే, సీలు దెబ్బతిని నీళ్లు లోపలికి చేరతాయి. గట్టి వాన పడినప్పుడు జ్ఞానాపురం వైపు నిలిచే నీళ్లలో నడిపిన కార్లను ఈ విషయంలో ముందుగా అనుమానించాలి. గ్రీజు పాడై లోపలి గుండ్లు గుంటలు పడతాయి. మొదట హోరు, తర్వాత ఆట, ఆపైన వేడి. చక్రంలో ఆట పెరిగాక చక్రంతో పాటు తిరిగే డిస్కు, బ్రేక్ ప్యాడ్లను వెనక్కి తోస్తుంది, పెడల్ మామూలు కంటే లోతుగా దిగుతుంది. అరకు దారిలో ఎస్.కోట (శృంగవరపుకోట) దాటాక వచ్చే ఘాట్‌లో ఆ స్థితి వద్దు.

మార్చేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్పండి: ముందు చక్రం బేరింగ్ ప్రెస్ (నొక్కే యంత్రం) మీద ఎక్కించే రకమైతే సుత్తితో కొట్టనివ్వొద్దు. హబ్ గూట్లోకి (బేరింగ్ కూర్చునే చోటికి) ఎక్కించేటప్పుడు ఒత్తిడి బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద పడితే ఆ బలమంతా గుండ్ల మీదుగా వెళ్లి నొక్కులు పెడుతుంది, కొత్త బేరింగే కొద్ది రోజుల్లో హోరెత్తుతుంది. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపు చూసి వెళ్లండి. యాక్సిల్ నట్ కొత్తది వేయించి, మాన్యువల్లో చెప్పినంత టార్క్‌కి (బిగింపు బలానికి) బిగించమనండి.

ఇక వణుకు. ఒక వేగం దగ్గర మొదలై, దాటాక తగ్గితే చాలావరకు బ్యాలెన్సింగే, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా లేకపోవడమే. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు వణికితే వెనకవి. రిమ్ము లోపలివైపు బురద గడ్డకట్టినా ఇదే జరుగుతుంది, కాబట్టి బ్యాలెన్సింగ్‌కి ముందే కడిగించండి. ఈ వణుక్కి అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) చేస్తామంటే ఒప్పుకోకండి. అది బండి ఒకవైపు లాగడానికీ, టైర్లు ఒకపక్కనే అరగడానికీ మందు. బ్రేక్ నొక్కినప్పుడే వణికితే కారణం డిస్కులో ఉంది. వేగంతో పని లేకుండా దడదడ కొడితే టైరు పక్కగోడ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బిన టైరు ఆ రోజే మార్చాలి.

బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఉండేవాళ్లకు ఇంకో సంగతి. ఉప్పు గాలికి రాత్రికి రాత్రే డిస్కు మీద పలచటి తుప్పు పడుతుంది, పొద్దున రెండు మూడు బ్రేకులకు గరగరమని పోతుంది. దానికి కంగారు అక్కర్లేదు. పోకపోతే ప్యాడ్ మందం చూడండి, 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చేయాలి. కాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం) పిన్నులు తుప్పుతో పట్టేసినా ఒక ప్యాడే త్వరగా అరుగుతుంది. కాసేపు నడిపి ఆపాక చక్రాల దగ్గర, ముట్టుకోకుండా, చెయ్యి పెట్టి చూస్తే ఒకవైపు ఎక్కువ వేడిగా ఉంటుంది. పిన్నులు శుభ్రం చేసి బ్రేక్ గ్రీజే రాయాలి. మామూలు గ్రీజు రబ్బరును ఉబ్బిస్తుంది.

ఇనుము ఇనుమూ రాసుకునే చప్పుడు, నిమిషాల్లో పెరిగే కుదుపు, వెలిగి ఆరే ఇంజిన్ లైటు, ఎర్రటి ఆయిల్ లైటు: వీటిలో ఏది వచ్చినా పక్కకు తీసి ఆపండి. పంక్చర్ వేయించిన వెంటనే మొదలైన కుదుపైతే ముందు వీల్ నట్లే చూడండి.

పని అయ్యాక ఆనందపురం దాకా ఒకసారి హైవే మీద నడపండి. చక్రాలు విప్పారు కాబట్టి 50–100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ చెక్ చేయించండి. హోరు, వణుకు రెండూ లేకపోతే అరకు బయల్దేరొచ్చు. దిగేటప్పుడు మాత్రం రెండు, మూడు గేర్లలోనే రండి, బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచొద్దు.