కొత్త పికప్‌కి వెనక నుంచి కూత: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నా, మాది గుణుపురం దగ్గర పల్లె. కొత్త పికప్ తీసి అయిదు నెలలయింది, 11,000 కిలోమీటర్లు తిరిగింది. సీజన్‌లో పత్తి, మిగతా రోజుల్లో సిమెంటు, కూరగాయలు, బత్తిలి కొత్తూరు మీదుగా ఏ కిరాయి దొరికితే అది. స్పీడు 50 దాటితే వెనక నుంచి సన్నగా కూత మొదలవుతాది, 65కి బాగా పెరిగిపోతాది, యాక్సిలరేటర్ వదిలితే తగ్గి వేరే రకంగా వస్తాది. షోరూంలో రెండుసార్లు చూపించినాను, కొత్త బండి కదా వాడగా వాడగా సెట్ అయిపోతాదని పంపించేసినారు. మా ఊరి మెకానిక్ ఏమో క్రౌన్ పినియన్ పోతంది, హౌసింగ్ విప్పి షిమ్ములు సర్దేస్తాను అంటన్నాడు. ఎవరి మాట వినాలి, ఏటి చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: తమ్ముడూ, డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే వెనక ఇరుసు మధ్యలో క్రౌనూ పినియనూ ఉండే ఇనప బుడ్డ, అది మాత్రం బయట విప్పించకు. మీ మెకానిక్ చెవి తప్పు అని కాదు, నువ్వు రాసింది చూస్తే అతను చెప్పిందే నిజం కావచ్చు కూడా. కానీ వారంటీలో ఉన్న బండికి డిఫరెన్షియల్ సీలు ఒక్కసారి బయట తెగిందంటే రేపు ఏం విరిగినా తప్పు నీ మీదకే వస్తుంది, అంత ఖర్చు పెట్టుకునే స్థోమత మన కిరాయి బళ్ళవాళ్ళకి ఎక్కడుంటుంది చెప్పు.

ఇక సెట్ అయిపోతుంది అన్న మాట. కొత్త గేర్లు మొదట్లో కొన్ని వందల కిలోమీటర్లు ఒకదానితో ఒకటి రాసుకుని నునుపు అవుతాయి, అది నిజమే, అందుకే కొత్తలో ఫుల్ లోడ్ వేసి ఎక్కువసేపు లాగించొద్దంటారు. కానీ 11,000 తిరిగాక కూడా కూత ఉండి, అదీ పెరుగుతూ ఉంటే అది సెట్ అయ్యే రకం కాదు. అరిగిన పన్ను తిరిగి మొలవదు, గుంటలు పడ్డ బేరింగు తిరిగి నునుపు అవదు. రోజులు గడిచేకొద్దీ పెరగడమే తప్ప తగ్గడం ఉండదు.

లోపల ఏముందో కాస్త తెలిస్తే నీకు షోరూంలో మాట్లాడటం తేలికవుతుంది. గేర్‌బాక్స్ నుంచి వెనక్కి వచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర చిన్న గేరు ఉంటుంది, అదే టేల్ పినియన్, అది పెద్ద క్రౌన్ వీల్‌ని తిప్పుతుంది, పికప్‌లలో చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి పినియన్ సుమారుగా నాలుగు చుట్లు తిరుగుతుంది. పినియన్ క్రౌన్ నడిమధ్యకి కాకుండా కాస్త పక్కకి దిగి ఉంటుంది కాబట్టి పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా జారుతూ రాసుకుంటాయి కూడా. రెండు గేర్ల పళ్ళ మధ్య వదలాల్సిన సందు, దాన్నే బ్యాక్‌లాష్ అంటారు, మిల్లీమీటర్‌లో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా మాత్రమే. పినియన్ ఎంత లోతుకి కూర్చోవాలి అన్నది షిమ్ము, అంటే సందు సరిచేసే పలచని రింగు, దాని మందాన్ని బట్టి, బేరింగుల బిగువు లోపలి స్పేసర్‌ని ఎంత నొక్కి బిగించారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాక్టరీలో ఇందులో ఏది కొంచెం తేడా వచ్చినా బండి కొత్తదే అయినా కూస్తుంది, దానికి డ్రైవర్ చేసిన పాపం ఏమీ లేదు.

మోత నిజంగా అక్కడిదేనా అన్నది తేల్చుకో ముందు. ఖాళీగా ఉన్న చదును రోడ్డు చూసుకుని 55 స్పీడు నాలుగో గేరులో ఒకసారి, అయిదో గేరులో ఒకసారి పట్టి చూడు. రెండింటిలోనూ కూత ఒకేలా ఉంటే ఇంజన్‌నీ గేర్‌బాక్స్‌నీ చాలావరకు పక్కన పెట్టొచ్చు, మోత గేరు బట్టి కాక బండి స్పీడు బట్టి వస్తోందన్నమాట. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఒకలా మారిపోతే టైర్లని అనుమానించు. స్టీరింగ్‌ని కొంచెం ఎడమకీ కుడికీ ఊపినప్పుడు ఒక పక్కకి గరగర పెరిగి ఇంకో పక్కకి తగ్గితే అది చక్రం బేరింగు. పొలంలోనో మైదానంలోనో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా చుట్టూ తిరిగినప్పుడు మాత్రమే కటకట వస్తే క్రౌన్ కాదు, దాని మధ్యలో ఉండే చిన్న స్టార్ పినియన్లు. ముందుకీ రివర్సుకీ మార్చినప్పుడు టక్కుమని కొడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింటు క్రాసు చూడాలి, వెనక్కి వెళ్ళి హౌసింగ్ విప్పక్కర్లేదు.

నీ బండిది యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా వదిలితే ఒకలా అన్నావు కదా, అదే అసలు గుర్తు. తొక్కినప్పుడు పన్నుకి ఒక వైపు మీద బరువు పడుతుంది, వదిలినప్పుడు రెండో వైపు మీద. కాలు బట్టి కూత మారుతోందంటే పళ్ళు సరైన చోట తగలట్లేదని గానీ, పినియన్ బేరింగు వదులై పినియన్ ముందుకీ వెనక్కీ కదులుతోందని గానీ అనుమానించాలి. తొక్కినా వదిలినా ఒకే గరగర ఉంటే అప్పుడు బేరింగు ఒక్కటే అనుకోవచ్చు.

ఇప్పుడు షోరూంకి వెళ్ళినప్పుడు నోటి మాటతో తిరిగి రాకు. జాబ్ కార్డు, అంటే షోరూం వాళ్ళు చేయాల్సిన పని రాసుకునే కాగితం, దాని మీద నీ కంప్లయింటు నీ మాటల్లోనే రాయించు, ఏ స్పీడులో, తొక్కితే ఎలా, వదిలితే ఎలా, మీటరు మీద ఎన్ని కిలోమీటర్లు, ఇంతకుముందు ఏ తేదీన చూపించావు, అంతా. ఒడియాలో రాసినా ఇంగ్లీషులో రాసినా చదివించుకుని కాపీ తీసుకో. వాళ్ళ మెకానిక్‌ని బండిలో ఎక్కించుకుని ఆ స్పీడుకి తీసుకెళ్ళి వినిపించు, లోడ్ ఉన్నప్పుడే వస్తుందంటే లోడ్‌తోనే. నార్మల్ అంటే, అదే నార్మల్ అని జాబ్ కార్డు మీద రాసి సంతకం పెట్టమను, చాలామంది అక్కడ ఆగి మళ్ళీ చూస్తారు. డిఫరెన్షియల్ ఆయిల్ నీ ముందే దింపమను. డ్రెయిన్ ప్లగ్గు అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుంటే భయం లేదు, కొత్త గేర్లకి అది మామూలే, గోటికి తగిలే ఇనప పెచ్చులు వస్తే మాత్రం అదే సాక్ష్యం, ఫొటో తీసుకో. విప్పితే పళ్ళకి రంగు పూసి తిప్పి, రంగు పన్ను మధ్యలో చెరుగుతోందా అంచు మీదా అని చూడమను.

మార్చేటప్పుడు క్రౌనూ పినియనూ సెట్‌గానే మార్చాలి, ఆ రెండూ ఫ్యాక్టరీలో జతగా నూరిన గేర్లు, ఒకటి పాతది ఒకటి కొత్తది వేస్తే మొదటి రోజు నుంచే కూత.

ఈలోగా పెద్ద లోడ్లు వెయ్యకు. కూత గరగరగా మారిందంటే ఇక నడపకు, ట్రాలీ మీద పంపించు. పినియన్ బేరింగు పూర్తిగా పోతే పినియన్ బిగుసుకుపోయి వెనక చక్రాలు నడుస్తూ నడుస్తూ లాక్ అయ్యే ప్రమాదం ఉంది, సుంకి ఘాటీలో దిగుతున్నప్పుడు అలాంటిది జరిగితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. కిరాయి పోతే ఇంకోటి వస్తుంది తమ్ముడూ.

ప్రశ్న: నమస్కారమండి. మాది పర్లాకిమిడి. మా ఆయన పికప్ సొంతంగా నడుపుతారు, లెక్కలు నేను చూస్తాను, జీడిపిక్కలు పలాసకి తోలుతాం. బండి ఆంధ్రాలో కొన్నాం, ఏడాది లోపే డిఫరెన్షియల్ విరిగిపోతే వారంటీలో బాగుచేశారు. మూడు నెలలు తిరక్కుండానే మళ్ళీ అదే మోత. ఈసారి ఓవర్‌లోడ్ వేశారు, వారంటీ రాదు, 60,000 కట్టండి అంటున్నారు. కేసు వెయ్యాలంటే ఆంధ్రా దాకా తిరగాలా? బండి ఆగితే మాకు ఇల్లు గడవదు.
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోట, పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, బండి ఎక్కడ కొన్నా సరే. అంటే మీ గజపతి జిల్లాలోనే. కిరాయికి తిప్పే బండి కదా, వ్యాపారం కిందకి వస్తుంది, మీరు వినియోగదారులు కారు అని వాళ్ళు వాదించొచ్చు, బెదిరిపోకండి. సొంతంగా పని చేసుకుని బతకడానికి మాత్రమే కొన్న వస్తువుకి ఆ అడ్డు లేదని చట్టంలోనే ఉంది, మీ ఆయనే నడుపుతున్నారు, అదే ఇంటికి ఆధారం అని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ఫీజు కూడా పెద్దది కాదు, బండికి మీరు కట్టింది 5 నుంచి 10 లక్షల మధ్య అయితే 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలయితే 400. గొడవ మొదలైన రెండేళ్ళలోపు వెయ్యాలి. దానికన్నా ముందు 1915కి ఫోన్ చెయ్యండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు, కొన్నిసార్లు అక్కడే తేలిపోతుంది. డీలర్‌కీ కంపెనీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో ఒక నోటీసు కూడా పంపి రసీదులు దాచండి.

ఓవర్‌లోడ్ మాట దగ్గర మాత్రం నిజం నిజంగానే చూసుకోవాలి. ఆర్‌సీ మీద బండి మొత్తం బరువు, ఖాళీ బరువు రెండూ ఉంటాయి, మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే మీరు వెయ్యాల్సిన లోడు. పలాసలో కాటా స్లిప్పులు మీ లెక్కల్లో ఉంటాయి కదా, అవి తియ్యండి. అన్నీ ఆ లోపే ఉంటే మీ చేతిలో అంతకన్నా గట్టి కాగితం లేదు. ఎక్కువ వేసిన రోజులుంటే దాచకండి, లాయరుకి ముందే చెప్పండి, అవతలివాళ్ళు బయటపెడితే మీ మిగతా మాట కూడా నమ్మరు.

ఓవర్‌లోడ్ అన్నవాళ్ళు దేన్ని చూసి అన్నారో రాతపూర్వకంగా అడగండి, విరిగిన ముక్కలు పారెయ్యొద్దని కూడా రాయండి. బరువుకి ఒక్కసారిగా తెగిన పన్ను, తప్పు బిగింపు వల్ల అంచులు నలిగి గుంటలు పడ్డ పన్ను ఒకలా ఉండవు, తెలిసిన ఇంజనీరు చూసి చెప్పగలరు, అవసరమైతే కమిషనే పరీక్షకి ల్యాబుకి పంపుతుంది. నాకైతే అనుమానం మొదటి రిపేరు మీదే ఉంది. ఒకసారి బేరింగు గానీ పన్ను గానీ పగిలితే ఆ ఇనప పొడి హౌసింగ్ మూలల్లోకీ, రెండు పక్కల యాక్సిల్ గొట్టాల్లోకీ పోయి కూర్చుంటుంది, అదంతా కడగకుండా కొత్త గేర్లు వేసి కొత్త ఆయిల్ పోస్తే ఆ పొడే తిరిగి వచ్చి కొత్త బేరింగుల్ని తినేస్తుంది, సరిగ్గా మీకు జరిగినట్టు కొద్ది నెలలకే. కాబట్టి మొదటి రిపేరు జాబ్ కార్డు తీసి చూడండి, ఏ ఏ బేరింగులు మార్చారు, హౌసింగ్ కడిగారా, గేర్లు సెట్‌గా వేశారా. అందులో పినియన్ ఒక్కటే, బేరింగు ఒక్కటే రాసి ఉంటే ఆ కాగితాన్ని ఫిర్యాదులో ముందు పెట్టండి.

ప్రశ్న: వానల్లో వాగు దాటినప్పటి నుంచి వెనక మోత వస్తంది. బండి కొత్తదే. చిక్కటి 140 ఆయిల్ పోస్తే సౌండ్ పోతాదంటన్నారు, నిజమేనా?
— ఒక డ్రైవర్, పొట్టంగి

జవాబు: సౌండ్ కొంచెం తగ్గొచ్చు, జబ్బు తగ్గదు. వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బ్రీదర్ (హౌసింగ్‌కి గాలి ఆడే చిన్న రంధ్రం) నుంచో సీలు నుంచో నీటిని లాగుతుంది. ఫిల్లర్ ప్లగ్గు తీసి వేలు పెట్టి చూడు, ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టే, ఇంక ఒక్క కిరాయి కూడా వెయ్యకుండా సర్వీస్ సెంటర్‌లోనే మార్పించు, బిల్లు దాచుకో. బండి పుస్తకంలో ఏ గ్రేడు రాస్తే అదే పోయాలి, చాలా పికప్‌లకి జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 ఉంటుంది (జీఎల్ నంబరు ఆయిల్ ఎంత రాపిడిని తట్టుకుంటుందో చెప్తుంది, రెండోది చిక్కదనం), జీఎల్-4 పోస్తే ఈ గేర్ల రాపిడికి అది నిలబడదు. బ్రీదర్ బురదతో మూసుకుపోయిందేమో కూడా చూపించు, అది మూసుకుంటే లోపల ఒత్తిడి పెరిగి సీల్ నుంచి ఆయిల్ కారిపోతుంది. కొత్త ఆయిల్ ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోయించి, కొన్ని రోజులు నడిపాక మళ్ళీ ఒకసారి ఆ ప్లగ్గు విప్పి ఆయిల్ రంగు చూడు, ఇంకా తెల్లగా ఉంటే మళ్ళీ మార్పించు.