బంతి లేని చోట

శాన్‌హోసే,
ఆదివారం రాత్రి.

చిరంజీవి అమ్మాయికి,

మీ నాన్న గుడి దగ్గర కనిపించి, అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు టామ్ రాత్‌మన్ మీద నువ్వు రాసిన పద్నాలుగు పేజీల వ్యాసం నా చేతిలో పెట్టి, "కొంచెం మెల్లగా చూడరా, చిన్నపిల్ల" అన్నాడు. మెల్లగానే చూశాను. మెల్లగా చూసేసరికి కోపం ఇంకా ఎక్కువైంది.

పదమూడో పేజీ అడుగున ఉంది ఆ వాక్యం. "ఆటకు వీడ్కోలు పలికాక టామ్ రాత్‌మన్ కోచ్‌గా స్థిరపడ్డారు." అంతే, చుక్క పెట్టేశావు. తర్వాతి పేజీ నిండా ముగింపు. అమ్మాయ్, ఆటగాడిగా అతను ఆడింది తొమ్మిది సీజన్లు. దానికి పన్నెండు పేజీలు ఇచ్చావు. 1997లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ఫార్టీనైనర్స్‌లో రన్నింగ్ బ్యాక్స్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్ల, కోచ్‌గా చేరి, డెట్రాయిట్, ఓక్లండ్, మళ్లీ శాన్‌ఫ్రాన్సిస్కో, చివరికి ఇండియానాపొలిస్ తిరిగి, 2019 సీజన్ దాకా చేసిన పనికి ఒక వాక్యమా? అదీ "స్థిరపడ్డారు"! ఊరూరూ సామాను సర్దుకున్న మనిషి ఎక్కడ స్థిరపడ్డాడమ్మా?

ఇంకో మాట కూడా నాకు గుచ్చుకుంది. అతన్ని "మౌన త్యాగమూర్తి" అన్నావు. మూడుసార్లు అన్నావు. ఎర్ర పెన్సిల్‌తో సున్నాలు చుట్టాను, చూసుకో. జీతం తీసుకుని, రోజంతా సాధన చేసి, అడ్డొచ్చే ఎదుటి జట్టు రక్షకుణ్ణి, లైన్‌బ్యాకర్‌ని, గుద్ది పడేయడం త్యాగం కాదు, పని. ఆ పని ఎలా చేశాడో చెప్పడం చేతకాక మనం దండ వేస్తాం. దండ వేశాక మనిషి కనపడడు.

పద్నాలుగో పేజీలో "రాత్‌మన్ జీవితం నేర్పే ఐదు పాఠాలు" పెట్టావు. వాటిని నేను చదవలేదు, చదవను. ఈమధ్య ఎవరి జీవితం రాసినా చివర ఐదు పాఠాలు ఉండాల్సిందే అయింది. ఇదొక జబ్బు. ఈ జబ్బు రచయితలకు ఎడిటర్లు అంటించారని నా గట్టి నమ్మకం.

ఫుల్‌బ్యాక్ అనే మాటను "వెనుక రక్షకుడు" అని తెనిగించావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. సాకర్‌లో ఫుల్‌బ్యాక్ రక్షకుడే. ఇక్కడ కాదు. పాతకాలంలో ముందు వరస, అంటే లైను, వెనక ఎవరు ఎంత దూరంలో నిలబడతారో దాన్ని బట్టి పేర్లు పెట్టారు: క్వార్టర్, హాఫ్, ఫుల్. అందరికన్నా వెనక ఉండేవాడు ఫుల్‌బ్యాక్. తర్వాత ఐ ఫార్మేషన్ వచ్చి, అతన్ని ముందుకు తెచ్చి, బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ణి అతని వెనక నిలబెట్టింది. వాడికి దారి చేయడం ఇతని పని. మనిషి ముందుకొచ్చాడు, పేరు వెనకే ఉండిపోయింది. ఈ ఒక్క సంగతి విడమరిచి చెప్పి ఉంటే మన పాఠకుడికి సగం ఆట అర్థమయ్యేది. ఇంగ్లిషు మాటలు ఉంచాలా తీసేయాలా అని అడిగావు కదా. ఉంచు. ఫుల్‌బ్యాక్‌ని ఫుల్‌బ్యాక్ అనే రాయి.

నాకీ ఆట ఎలా పట్టుబడిందో చెప్తాను. 1988లో, ఆఫీసులో నా పక్క సీటువాడు నెబ్రాస్కా యూనివర్సిటీలో చదివినవాడు. ఫార్టీనైనర్స్ ఆటగాళ్లు రోజర్ క్రెగ్, రాత్‌మన్ ఇద్దరూ అదే యూనివర్సిటీ నుంచి వచ్చారని వాడికి ఇద్దరూ సొంత తమ్ముళ్లతో సమానం. నన్ను క్యాండిల్‌స్టిక్ పార్కుకి లాక్కెళ్లాడు. గోల్ గీత వెనక, పైన ఎక్కడో చవక సీట్లు. ఆ స్టేడియంలో గాలి సంగతి మీ నాన్ననడుగు, స్వెట్టరు మీద స్వెట్టరు వేసినా ఎముకలు కొరికేది. గంటసేపు బంతి ఎక్కడుందో వెతకడంతోనే సరిపోయింది నాకు. వాడు విసిగిపోయి నా తల పట్టుకుని తిప్పాడు. "బంతిని వదిలెయ్. 44 నంబరుని చూడు" అన్నాడు. ఆ నంబరు రాత్‌మన్‌ది.

చూశాను. బంతి క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపిస్తూ పాసులు విసిరేవాడు, మోంటానా చేతికి రాగానే 44 ముందుకు దూకాడు, తల కొంచెం వంచి, అడుగులు చిన్నవిగా వేస్తూ. లైనులో సందు ఇంకా తెరుచుకోనే లేదు. తెరుచుకుంటుందన్నట్టు పోతున్నాడు. అవతలి నుంచి లైన్‌బ్యాకర్ వచ్చాడు. ఇద్దరూ గుద్దుకున్న చప్పుడు నేను కూర్చున్నచోటికి వినపడలేదు కానీ, ఆ గుద్దుకున్నచోటు పక్కనుంచే క్రెగ్ మోకాళ్లు గుండెల దాకా ఎత్తుకుంటూ దూసుకుపోయాడు. జనం లేచి నిలబడ్డారు. అందరూ క్రెగ్‌ని చూస్తున్నారు. మా వాడు మాత్రం కింద పడ్డ ఇద్దరి వైపు వేలు పెట్టి, ఎవరు పైన ఉన్నారో చూడమన్నాడు.

క్రెగ్ అంతకుముందు ఫుల్‌బ్యాక్. 1985లో పరుగుల్లో వెయ్యి గజాలు, పాసులు పట్టి వెయ్యి గజాలు చేసినవాడు. 1986లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో మూడో రౌండులో రాత్‌మన్ వచ్చి, మెల్లగా ఆ చోటు తీసుకున్నాకే క్రెగ్ హాఫ్‌బ్యాక్‌కి మారాడు. 1988లో 1,502 గజాలు పరిగెత్తాడు. ఇది నీ వ్యాసంలో ఉంది కానీ క్రెగ్ గొప్పతనం కింద ఉంది. తీసి ఇటు పెట్టు. ఇంకోటి, రాత్‌మన్ గుద్దడమే చేశాడన్నట్టు రాశావు. 1989లో 73 పాసులు పట్టాడు, 616 గజాలు. ఒక ఫుల్‌బ్యాక్! కోచ్ బిల్ వాల్ష్ పెట్టిన ఆ పద్ధతిలో ఫుల్‌బ్యాక్‌కి గుద్దడంతో పాటు చేతులు కూడా ఉండాలి.

నేను నీకన్నా తెలివిగా రాశానని అనుకోకు. 1990 జనవరిలో న్యూ ఆర్లియన్స్ సూపర్‌డోమ్‌లో జరిగిన సూపర్‌బౌల్, అంటే ఛాంపియన్‌ని తేల్చే ఫైనల్‌లో, డెన్వర్‌ని 55-10తో కొట్టారు చూడు, దాని మీద ఎనిమిది ఠావులు రాసి, చేతిలో ఉన్న డబ్బులన్నీ స్టాంపులకి పెట్టి, మన వారపత్రిక ఒకదానికి ఎయిర్‌మెయిల్‌లో పంపాను. మూడు నెలలకి పత్రిక వచ్చింది. నా వ్యాసం పక్కన నిక్కరు వేసుకున్న కుర్రాడు గుండ్రటి బంతిని తలతో కొడుతున్న బొమ్మ! శీర్షిక మార్చి "కాలిబంతి మాంత్రికుడు" అని పెట్టారు. మోంటానా ఐదు టచ్‌డౌన్ పాసులు (బంతిని గోల్ గీత దాటించేవి) విసిరాడని నేను లోపల రాస్తే, రెండు వారాల తర్వాత ఒక పాఠకుడి ఉత్తరం వేశారు: "చేత్తో విసిరితే ఫౌల్ కాదా?" ఎడిటరు గారికి ఉత్తరం రాశాను. జవాబు లేదు. పారితోషికమూ రాలేదనుకో. ఆ ఎడిటరు ఇప్పుడు లేడు, పోనీలే.

అసలు సిగ్గుపడాల్సింది అది కాదు. ఆ రోజు రాత్‌మన్ రెండు టచ్‌డౌన్లు చేశాడు. ఎనిమిది ఠావుల్లో అతనికి నేనిచ్చింది అర వాక్యం. 44ని చూడమని మెడ పట్టి తిప్పినా నేను మళ్లీ బంతి వెనకే పోయాను.

అందుకే చెప్తున్నా, బంతి లేని చోట చూడు. టీవీ కెమెరా బంతితో పాటు పోతుంది, దాని ఉద్యోగం అది. నీకు ఆ ఖర్మ ఏమిటి?

కోచ్ అంటే బంతికి ఇంకా దూరం. రన్నింగ్ బ్యాక్స్ కోచ్ ఏం చేస్తాడో నువ్వు కనుక్కోలేదు. బంతి పట్టుకోవడం నేర్పుతాడు. కోటి డాలర్ల వాడికైనా సరే, బంతి కొస మీద వేళ్లు, మోచేతి మడతలో రెండో కొస, పక్కటెముకలకి అదిమి ఉంచడం, అదే పాఠం రోజూ. పరిగెత్తేవాడికి ఇష్టం లేని పని ఇంకోటి నేర్పుతాడు: క్వార్టర్‌బ్యాక్ మీదకి ఎవడు దూసుకొస్తాడో ముందే కనిపెట్టి వాడికి అడ్డుపడటం. అంటే తను మైదానంలో చేసిన పనినే, చేయాలని లేనివాళ్ల చేత చేయించడం.

ఫార్టీనైనర్స్ రన్నింగ్ బ్యాక్ గారిసన్ హర్స్ట్‌ని నువ్వు ముట్టుకోలేదు. 1998లో 1,570 గజాలు పరిగెత్తి, ఆ సీజన్ ప్లేఆఫ్‌లో అట్లాంటాలో కాలు విరగ్గొట్టుకుని, రెండు సీజన్లు పూర్తిగా పోగొట్టుకుని, 2001లో తిరిగొచ్చి మళ్లీ 1,206 గజాలు చేశాడు. ఆ రెండేళ్లూ అక్కడ రన్నింగ్ బ్యాక్స్ కోచ్ ఎవరు? 2009 నుంచి 2016 దాకా ఫార్టీనైనర్స్‌లో హెడ్ కోచ్‌లు నలుగురు మారారు. సింగిల్‌టరీ, హార్బా, టామ్‌సులా, చిప్ కెల్లీ. కొత్త హెడ్ కోచ్ వస్తే పాత మనుషుల్ని ఊడ్చేస్తారు. నలుగురి కిందా మిగిలాడు రాత్‌మన్. ఎందుకు మిగిలాడన్నది నువ్వు రాయాల్సిన వ్యాసం.

నేనైతే 2013 ఫిబ్రవరిలో మొదలుపెడతాను. సూపర్‌బౌల్, బాల్టిమోర్‌తో. ఊరు మళ్లీ న్యూ ఆర్లియన్స్, అదే సూపర్‌డోమ్. ఇరవై మూడేళ్ల కింద తను రెండు టచ్‌డౌన్లు చేసిన చోటే. మధ్యలో కరెంటు పోయి ఆట అరగంట పైగా ఆగింది. చివర్లో ఫార్టీనైనర్స్ ఐదు పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఫ్రాంక్ గోర్ 33 గజాలు పరిగెత్తి బంతిని గోల్ గీతకి ఏడు గజాల దూరంలో పెట్టాడు. గోర్ రాత్‌మన్ శిష్యుడు, ఆ రోజు 110 గజాలు చేసినవాడు. ఇంకా నాలుగు అవకాశాలు. మొదటిది ఇంకో కుర్రాడికిచ్చారు, రెండు గజాలు వచ్చాయి. మిగిలిన మూడూ పాసులు. మూడూ పోయాయి. గోర్‌కి బంతి మళ్లీ ఇవ్వలేదు. ఆఖర్న బాల్టిమోర్ కావాలనే వదులుకున్న రెండు పాయింట్లు కలిసినా 34-31తో ఓడిపోయారు.

ఆ నాలుగు ఆటలప్పుడు రాత్‌మన్ ఏమనుకున్నాడో నువ్వు ఊహించి రాయకు. "అతని గుండె బరువెక్కింది" అని కనిపిస్తే చించేస్తాను. వీడియో పెట్టుకో. నాలుగు ఆటలూ నాలుగేసి సార్లు చూడు. బంతిని వదిలేసి గోర్‌ని చూడు. ఎక్కడ నిలబడ్డాడు, ఎవరికి అడ్డుపడ్డాడు, పాదాలు ఎటున్నాయి. అతని కోచ్ నేర్పింది అందులో ఏమైనా కనబడితే రాసి పట్టుకురా. రెండు పేజీలు చాలు.

పుస్తకం వేయించడానికి ఎంతవుతుందనీ, పోటీకి పంపొచ్చా అనీ ఇంకేవో అడిగావు. అవి తర్వాత. నాలుగో పేజీలో సాధన తర్వాత ఆటగాళ్ల భుజాల మీంచి ఆవిరి లేస్తోందని రాశావు, అది బాగుంది, దాన్ని కొట్టేయకు.

వచ్చేటప్పుడు మీ ఇంట్లో ఉండిపోయిన నా గొడుగు తీసుకురా. శనివారం వాన ఉందంటున్నారు.

ఆశీస్సులతో,
బాబాయ్