వైట్ వైన్ మీకు సరిపడదని అప్పుడే అనుకోకండి

మీరు తాగిన వైట్ వైన్‌లలో సోవిన్యాన్ బ్లాంక్ మరీ పుల్లగా ఉందనీ, షార్డొనే వెన్న వాసనతో బరువుగా తోచిందనీ నాకు రాశారు. ఆ వెన్న వాసన షార్డొనే ద్రాక్షది కాదు. బాక్టీరియా వైన్‌లోని పుల్లని మాలిక్ ఆమ్లాన్ని మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే డయాసిటైల్ అనే పదార్థం వల్ల అది వస్తుంది, దానికి వైన్‌ను ఉంచే ఓక్ చెక్క పీపాల వెనిల్లా వాసన కూడా తోడైతే ఆ బరువు మరింత పెరుగుతుంది. అందువల్ల మీరు ముందుగా ఓక్ పీపాల్లో ఉంచని, ఫ్రాన్స్‌లోని మాకాన్ ప్రాంతపు షార్డొనేను ప్రయత్నించండి.

పులుపే అసలు ఇబ్బంది అయితే, సహజంగానే ఆమ్లం తక్కువగా ఉండే వియోన్యే అనే వైట్ వైన్ మంచిది. రీస్లింగ్ అనే జర్మన్ వైట్ వైన్‌లో ఆమ్లం ఎక్కువే అయినా, సీసాపై ఆల్కహాల్ 8 లేదా 9 శాతం అని ఉంటే సాధారణంగా అందులో మిగిలిన తీపి ఆ పులుపును చక్కగా సర్దుతుంది. నాకు అత్యంత ప్రీతిపాత్రమైనది అదే.

ఏది ఎంచుకున్నా, మరీ చల్లగా తాగితే సువాసన అణగిపోయి పులుపే ముందుకు వస్తుంది కనుక, ఫ్రిజ్‌లోంచి ఇరవై నిమిషాల ముందే తీసి, సుమారు 10 డిగ్రీల వద్ద రుచి చూడండి.