బాగయ్యేదాకా పక్కనే కూర్చోవాలి

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురం. మా అపార్ట్‌మెంట్‌లో 40 ఫ్లాట్లు. ఏటా భోగి ముందు మిక్సీలు, కుర్చీలు, బొమ్మలు కుప్పలుగా చెత్తబండి ఎక్కుతుంటే ప్రాణం ఉసూరుమంటోంది. ఒక ఆదివారం సెల్లారులో అందరం పాతవి బాగుచేసుకుని, అక్కర్లేనివి ఇచ్చిపుచ్చుకుందాం అనుకుంటున్నాం. కరెంటు వస్తువులతో ఏమైనా అయితే ఎవరు బాధ్యులని మావారికి టెన్షన్. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మునిగిన గ్రైండరు సింగ్‌నగర్‌లో మా అక్కావాళ్ళింట్లో అటక మీద ఉంది. అదీ తెమ్మనవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా పెట్టండమ్మా. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పి రిటైరయ్యాను. గుంటూరు బ్రాడీపేటలో మా వీధివాళ్ళం రెండుసార్లు ఇలా చేశాం. మొదటిసారి పొరపాటు నాదే. ‘వస్తువు ఇచ్చి వెళ్ళండి, సాయంత్రం తీసుకెళ్ళండి’ అన్నాను. పొద్దుపోయేసరికి పదకొండు వస్తువులు మా వరండాలోనే ఉండిపోయాయి. బాగుచేసినవాటి కోసం కూడా ఎవరూ రాలేదు. చివరికి పాతసామాన్లు కొనేవాడికి వేయాల్సి వచ్చింది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

రెండోసారి ఒక్కటే షరతు పెట్టాం. తెచ్చినవాళ్ళు బాగయ్యేదాకా పక్కనే కూర్చోవాలి, స్క్రూలు వాళ్ళే విప్పాలి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మార్టినె పోస్ట్‌మా అనే ఆవిడ ‘రిపేర్ కెఫే’ మొదలుపెట్టినప్పటి నుంచీ అక్కడి పద్ధతీ ఇదే. 2015లో బెంగళూరులోనూ మొదలైంది. పక్కన కూర్చుంటే ఏం తెలుస్తుందంటే, ‘చచ్చిపోయింది’ అని తెచ్చిన మిక్సీల్లో కొన్నింటికి అసలు రోగమే ఉండదు. గట్టిపిండి వేసి తిప్పితే లోడు ఎక్కువై ఓవర్‌లోడ్ స్విచ్ పడిపోతుంది. ప్లగ్గు తీసి, కాసేపు చల్లారనిచ్చి, అడుగున ఉన్న చిన్న బటన్ నొక్కితే చాలు. ఒక కోడలు అది నొక్కి, మిక్సీ తిరిగేసరికి పిల్లలా చప్పట్లు కొట్టింది. నెమ్మదిగా తిరిగే ఫ్యానుకైతే చాలాసార్లు కండెన్సర్ మారిస్తే సరిపోతుంది. పాతదాని మీద ఎంత రాసి ఉంటే అంతదే వేయాలి.

మీవారి టెన్షన్ న్యాయమైనదే. మైక్రోవేవ్‌లు, ఉబ్బిన ఫోను బ్యాటరీలు, గ్యాస్ రెగ్యులేటర్లు బల్ల మీదికి రానివ్వకండి. మైక్రోవేవ్‌లో ప్లగ్గు తీశాక కూడా ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. కరెంటు వస్తువుని పని తెలిసినవాళ్ళు పక్కనుండి విప్పించాలి, మూశాక టెస్టర్‌తో చూశాకే ఇంటికి పంపాలి. కుక్కర్‌కి గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వ్ ఆ కంపెనీవే వేయాలి. అతికించిన వాల్వ్‌తో వంట చేయొద్దు.

అక్కగారి గ్రైండరుని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ప్లగ్గులో పెట్టవద్దని ఈరోజే ఫోన్ చేయండి. పైకి ఆరినట్టున్నా వైండింగులో బురద ఉంటుంది. మోటారు విప్పి, కడిగి, ఆరబెట్టి, ఎక్కడైనా కరెంటు లీకవుతోందేమో మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూడాలి. ఇది ఒక ఆదివారంలో తేలే పని కాదు, మోటారు వైండింగ్ షాపుకే పంపండి. రాళ్ళకేం కాదు, శుభ్రంగా కడిగితే చాలు.

ఇంకో మాట, నాకు ముఖ్యమైనది. మీ సందు చివర మిక్సీలు బాగుచేసే మనిషి, చెప్పులు కుట్టే మనిషి, టైలరు ఉంటారు. వాళ్ళని పిలవండి, కానీ ఉచితంగా చేయమనకండి. ఫ్లాటుకి 50 రూపాయలు వేసుకుంటే 2,000 అవుతుంది. ఆ రోజు కూలి ముందే చేతిలో పెట్టి, భోజనం పెట్టండి. ఉచితమని మనం సంబరపడితే వాళ్ళకి ఆ రోజు బేరం పోతుంది. కత్తులకి సాన పట్టేవాళ్ళు, ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్ళు ఇలాగే బేరాలు లేక మన వీధులకి రావడం తగ్గిపోయింది.

ఇచ్చిపుచ్చుకోవడానికి వేరే బల్ల వేయండి. పనిచేసేవి, ఉతికినవి మాత్రమే పెట్టమనండి. సాయంత్రం మిగిలినవి ఎవరివి వాళ్ళే తీసుకెళ్ళాలి. కజ్జికాయల అచ్చు, నిచ్చెన, డ్రిల్లింగ్ మిషను ఇంటికొకటి ఎందుకు? ఎవరింట్లో ఏముందో వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో రాసి పెట్టండి. కర్రవి బాగుకాకపోతే భోగిమంటలో వేయండి. ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం వేయకండి, ఆ పొగ పీల్చేది మన పిల్లలే.

మీ పక్క గిన్నెల చిల్లులకి మాటు వేసేవాళ్ళు ఎవరైనా ఇంకా ఉంటే నాకు రాయండమ్మా. మా అమ్మ ఇత్తడి గుండిగకి అడుగున చిల్లు పడి మూడేళ్ళయింది.