ప్రోనోటు మీద తేదీ చూసుకున్నారా అమ్మా?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2021 మేలో కరోనాతో మావారు పోయారు. బాబుకి 12, పాపకి 9, అత్తయ్య మాతోనే ఉంటారు. డిగ్రీ చదివేటప్పుడు ఒకతన్ని ఇష్టపడ్డాను, మూడేళ్ళు పెళ్ళి చేసుకుంటా చేసుకుంటా అని తిప్పి చివరికి కట్నం కోసం వేరే సంబంధం చేసుకున్నాడు. మావారు పోయిన ఏడాదికి పలకరిద్దామని ఫోన్ చేశాడు, భార్యతో విడిపోయానన్నాడు, ఆ ఒంటరితనంలో మళ్ళీ దగ్గరయ్యాం. వ్యాపారానికి కావాలంటే ఇన్సూరెన్స్ డబ్బులోంచి 6 లక్షలు ఇచ్చాను, 4 లక్షలు అకౌంట్‌లో వేసి 2 లక్షలు చేతికి. 12-09-2022న రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాశాడు. 2024 జనవరి దాకా నెలకి 12 వేలు ఫోన్‌పే చేసి తర్వాత ఆపేశాడు. ఇప్పుడేమో పెళ్ళి చేసుకుందాం, మనలో మనకి నోటేంటి ఇచ్చెయ్, మావారు కొన్న స్థలం తాకట్టు పెట్టి లోన్ తీద్దాం అంటున్నాడు. నమ్మమంటారా, మోసం కేసు పెట్టమంటారా? మా బంధువు ఒకాయన నోటు మీద సంవత్సరాన్ని 2023గా దిద్దుకోమంటున్నారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొత్తం చదివాను, రెండోసారి మాత్రం ఒక్క లైనే చదివాను, 12-09-2022 అన్నది. నేను ఇది రాస్తున్నది 2025 జులై మూడో వారంలో. ప్రోనోటు మీద దావా వెయ్యడానికి లిమిటేషన్ చట్టం ఇచ్చేది మూడేళ్ళు, అదీ మీరు అడిగిన రోజు నుంచో అతను ఎగ్గొట్టిన రోజు నుంచో కాదు, నోటు రాసిన తేదీ నుంచి. అంటే మీకు 2025 సెప్టెంబర్ 12 ఆఖరు. రెండు నెలలు కూడా లేదు. అతను మంచివాడా చెడ్డవాడా, నిజంగా మారాడా అన్నది తర్వాత సంగతి, ఈ తేదీ దాటితే మంచివాడైనా చెడ్డవాడైనా కోర్టులో ఆ నోటు కాలదోషం పట్టిన కాయితమే.

నెలనెలా వడ్డీ కట్టాడు కదా, ఆఖరి వడ్డీ 2024 జనవరిలో వచ్చింది కాబట్టి అక్కడి నుంచి మూడేళ్ళు కదా అని మీకు ఎవరైనా చెప్పొచ్చు. సగమే నిజం. వడ్డీ కట్టినా అసలులో కొంత కట్టినా కొత్తగా మూడేళ్ళు మొదలవుతుంది, కానీ ఆ కట్టినట్టు అతని చేతిరాత గానీ సంతకంతో ఉన్న రాత గానీ ఉండాలి, లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ అదే చెప్తుంది. మన పెద్దవాళ్ళు నోటు వెనక చెల్లు రాయించుకునేది ఇందుకే. మీరు 16 నెలలు లక్షా 92 వేలు తీసుకున్నారు, ఒక్కసారి కూడా నోటు తిప్పి వెనక రెండు లైన్లు రాయించుకోలేదు! అడిగితే ఏమనుకుంటాడో అని మొహమాటపడ్డానని రాశారు. పిల్లల డబ్బు దగ్గర మొహమాటం ఏంటమ్మా? ఒకసారి మీ చేతులు కాల్చిన మనిషి దగ్గర ఇంత అజాగ్రత్తగా ఎలా ఉన్నారో నాకు అర్థం కాలేదు. ఫోన్‌పే ఎంట్రీలు, నీకు వడ్డీ వేశాను అన్న అతని వాట్సాప్ మెసేజ్‌లు పెట్టి కోర్టులో వాదించొచ్చు, వాదిస్తాం కూడా, కానీ ఆ వాదన మీద 6 లక్షలు పందెం కాయొద్దు. సెప్టెంబర్ 12 లోపలే దావా పడాలి.

ఇక ఆ బంధువు సలహా. దయచేసి ఆ పని చెయ్యకండి. నోటు మీద తేదీ దిద్దితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 87వ సెక్షన్ ప్రకారం ఆ నోటే చెల్లకుండా పోతుంది, అంటే ఇప్పుడు చేతిలో ఉన్న మంచి నోటుని మీ చేత్తో మీరే చంపుకున్నట్టు. పైగా అది ఫోర్జరీ, భారతీయ న్యాయ సంహిత 338వ సెక్షన్ కింద పదేళ్ళ దాకా జైలు గానీ యావజ్జీవం గానీ పడే నేరం. దొరకదులే అనుకోవద్దు, 4 లక్షలు మీ అకౌంట్ నుంచి వెళ్ళింది 2022 సెప్టెంబర్ 12నే అని మీ బ్యాంకు స్టేట్‌మెంటే చెప్తుంది, నోటు ఫొటో అతని ఫోన్‌లో ఉండే ఉంటుంది. అప్పుడు బోనులో నిలబడేది మీరు, అతను కాదు.

మోసం కేసు సంగతి. కోపం నాకు అర్థమవుతుంది, కానీ అప్పు తీసుకుని తీర్చకపోవడం ఒక్కటే చీటింగ్ కాదు, తీసుకున్న రోజే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపించాలి, 16 నెలలు క్రమం తప్పకుండా వడ్డీ కట్టినవాడి మీద అది చూపించడం కష్టం. పెళ్ళి చేసుకుంటానని నమ్మించి తీసుకున్నాడని స్టేషన్‌లో రాసిస్తే రేపు సివిల్ కోర్టులో అతని లాయర్ ఆ కంప్లైంటే పట్టుకుని, చూడండి ఇది అప్పు కాదని ఆమే చెప్పింది అంటాడు. ఇంకో ముఖ్యమైన సంగతి, పోలీస్ కంప్లైంట్ ఇచ్చినంత మాత్రాన మూడేళ్ళ గడువు ఆగదు. ఎస్‌ఐ గారు పిలిపించారు, వచ్చే నెల కడతానన్నాడు, పెద్దమనుషుల్లో కూర్చున్నాం అంటూ తిరిగి తిరిగి గడువు పోగొట్టుకుని మా ఆఫీసుకి వచ్చినవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. లాయర్ నోటీసు ఇచ్చినా అంతే, దానివల్ల గడువు పెరగదు, జవాబులో అతను బాకీ ఒప్పుకుని సంతకం పెడితేనే పనికొస్తుంది.

నమ్మొచ్చా అని అడిగారు. నేను మనసులు చదవలేను గానీ ఒక పని చెప్తాను. ఈ వారంలోనే అతన్ని పిలిచి, ఒక వెయ్యి రూపాయలైనా కట్టి నోటు వెనక తన చేత్తో, ఈ నోటు బాకీ కింద ఫలానా తేదీన ఇంత చెల్లు పెట్టాను అని రాసి సంతకం చెయ్యమనండి. రాస్తే ఆ రోజు నుంచి మీకు మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. లేదా కొత్త నోటు రాయమనండి, అసలు 6 లక్షలు, జులై 12 దాకా 18 నెలల వడ్డీ 2 లక్షల 16 వేలు, మొత్తం 8 లక్షల 16 వేలకి, పాత నోటు బాపతు అని అందులో రాయించి, రెవెన్యూ స్టాంపు మీద సంతకంతో. స్టాంపు సరిగ్గా లేని ప్రోనోటుని కోర్టు సాక్ష్యంగా తీసుకోదు, తర్వాత పెనాల్టీ కట్టి సరిచేసుకునే వీలు కూడా ఉండదు. కొత్తది చేతికొచ్చాకే పాతదాని సంగతి. నిన్ను పెళ్ళి చేసుకుంటా అనేవాడికి రెండు లైన్లు రాయడం కష్టమేం కాదు. రాయనంటే, ఆగస్టు నెల దాటకుండా దావా వెయ్యండి.

స్థలం జోలికి మాత్రం పోవద్దు. అది మీ ఒక్కరిదని ఎవరన్నారు? మీవారు వీలునామా రాయకుండా పోయారు కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం మీకు, బాబుకి, పాపకి, మీ అత్తగారికి నలుగురికీ సమాన వాటా, మీది పావు వంతే. మైనర్ పిల్లల వాటా అమ్మాలన్నా తాకట్టు పెట్టాలన్నా కోర్టు అనుమతి ఉండాలి, లేకుండా పెడితే రేపు పిల్లలు మేజర్లయ్యాక రద్దు చేయించుకోవచ్చు, ఆ కేసులో ప్రతివాదిగా నిలబడేది వాళ్ళమ్మే. జీపీఏ (మీ తరఫున ఆస్తి వ్యవహారాలు చేసే అధికారం ఇచ్చే పత్రం) అని, ఖాళీ స్టాంపు పేపర్ల మీద సంతకాలని ఏది అడిగినా వద్దు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మీ పావు వాటా పోతుందని ఎవరైనా భయపెడితే మాత్రం నమ్మొద్దు, మీకు సంక్రమించిన వాటా మీదే.

పెళ్ళి మాట వచ్చింది కాబట్టి, విడిపోయాను అంటే ఏంటి? కోర్టు డిక్రీ ఉందా, పెద్దమనుషుల కాయితమా? కులంలో అలాంటి ఆచారం ఉందని కోర్టులో రుజువు చెయ్యగలిగితే తప్ప ఆ కాయితంతో విడాకులైనట్టు కాదు, మొదటి పెళ్ళి ఉండగా మీతో జరిగే పెళ్ళి చెల్లదు, మీరు భార్య అవ్వరు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ చూపించమనండి, అందులోని నంబరు పట్టుకుని ఆ కోర్టులో కనుక్కోవచ్చు.

సాక్ష్యం సంగతి. ఒరిజినల్ నోటు ఇంట్లో బీరువాలో ఉందన్నారు, అతను మీ ఇంటికి వచ్చి వెళ్తున్నాడని కూడా మీరే రాశారు. రేపే తీసి బ్యాంకు లాకర్‌లోనో మీ అన్నయ్య దగ్గరో పెట్టండి, జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. నోటు రాసినప్పుడు సాక్షి సంతకాలు పెట్టిన ఇద్దరూ ఎక్కడున్నారో కనుక్కోండి, చేతికిచ్చిన 2 లక్షలకి వాళ్ళే మీకు బలం. నోటు మీద సంతకం రుజువైతే డబ్బు ముట్టినట్టే కోర్టు ముందు అనుకుంటుంది, కాదని చూపించుకోవాల్సింది అతనే, అయినా సాక్షులుంటే నిశ్చింత. 4 లక్షల ట్రాన్స్‌ఫర్‌కి, వడ్డీ జమలకి బ్యాంకు నుంచి సర్టిఫైడ్ స్టేట్‌మెంట్ తీసుకోండి. వాట్సాప్ చాట్ ఒక్క ముక్క కూడా డిలీట్ చెయ్యొద్దు, ఇబ్బందిగా అనిపించే మెసేజ్‌లు సహా, ఫోన్ మార్చొద్దు, స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జతచెయ్యాలి, అది మీ లాయర్ తయారు చేయిస్తారు.

లాయర్‌కి డబ్బుల్లేవని రాశారు. ఆదాయంతో పనిలేకుండా ప్రతి ఆడమనిషికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి చట్టంలోనే ఉంది, లాయర్‌ని పెడతారు, కోర్టు ఫీజు కూడా వాళ్ళే చూస్తారు. న్యాయ సేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యండి, లేదా తెనాలి కోర్టులోనే మండల న్యాయ సేవల కమిటీ ఆఫీసు ఎక్కడని అడగండి. వెళ్ళేటప్పుడు నోటు జిరాక్స్, స్టేట్‌మెంట్, ఆధార్ తీసుకెళ్ళండి, అన్నిటికంటే ముందు సెప్టెంబర్ 12 అన్న తేదీ చెప్పండి. అతను తన ఆస్తుల్ని అమ్మేసుకునే ప్రయత్నంలో ఉన్నట్టు తెలిస్తే తీర్పుకి ముందే జప్తు కోసం పిటిషన్ వెయ్యొచ్చు కాబట్టి అతని పేరు మీద ఇల్లో పొలమో ఉంటే ఆ వివరాలూ రాసుకెళ్ళండి.