మ్యాక్ అడ్రస్‌ల జాబితాతో బయటి ల్యాప్‌టాప్‌లు ఆగుతాయా?

రెండు వందల కంప్యూటర్ల ఆఫీసులో అనుమతించిన మ్యాక్ అడ్రస్‌లను (ఒక్కో పరికరానికి ఉండే నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య) స్విచ్‌లో (ఆఫీసు కేబుళ్లు కలిసే పెట్టె) నమోదు చేస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. మూడేళ్లు ఆ జాబితానే నమ్ముకున్న అనుభవంతో చెబుతున్నాను.

ఒకరోజు లాగ్ చూస్తుంటే మా రెండో అంతస్తు ప్రింటర్ విండోస్ అప్‌డేట్‌లు దించుకుంటోంది! పరుగున వెళ్లి చూశాను. ఏసీ మరమ్మతుకు వచ్చినతను ప్రింటర్ వెనక స్టిక్కర్ మీదున్న పన్నెండు అంకెలు, అక్షరాల మ్యాక్ అడ్రస్‌ను తన ల్యాప్‌టాప్‌కు పెట్టుకుని, ప్రింటర్ కేబుల్ తీసి తనకు తగిలించుకున్నాడు. పాపం, అతనికి కావలసింది ఇంటర్నెట్టే. కానీ మా జీతాల సర్వర్ ఉన్నది ఆ నెట్‌వర్క్‌లోనే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తర్వాత, కేబుల్ తగిలించిన పరికరాన్ని తనిఖీ చేశాకే లోపలికి వదిలే 802.1ఎక్స్ అనే ప్రమాణానికి మారాం. ఇందులో కంప్యూటర్ చూపించిన సర్టిఫికెట్‌ను, అంటే డిజిటల్ గుర్తింపు పత్రాన్ని, రేడియస్ అనే తనిఖీ సర్వర్ పరిశీలించి సరే అన్నాకే స్విచ్ ఆ పోర్టును తెరుస్తుంది. యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసు ఖాతాలను, కంప్యూటర్లను నిర్వహించే మైక్రోసాఫ్ట్ వ్యవస్థ) ఉంటే రేడియస్ పనికి విండోస్ సర్వర్‌లోని ఎన్‌పీఎస్ చాలు, లేకపోతే ఫ్రీరేడియస్ ఉచితం. పద్ధతి మాత్రం సర్టిఫికెట్‌తో నడిచే ఈఏపీ-టీఎల్ఎస్ పెట్టండి. పాస్‌వర్డ్‌తో పెడితే ఉద్యోగి అదే పాస్‌వర్డ్‌ను సొంత ఫోనులో కొడతాడు, ఫోను కూడా లోపలికి వచ్చేస్తుంది. విండోస్‌లో కేబుల్ మీద ఈ తనిఖీని నడిపే వైర్డ్ ఆటోకాన్ఫిగ్ సర్వీసు దానంతట అది మొదలవదు, గ్రూప్ పాలసీతో (అన్ని కంప్యూటర్లకూ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే సదుపాయం) ఆన్ చేయాలి. మాకు ఒక రోజంతా దీనికే పోయింది.

దయచేసి మొదటి రోజే ఎవరినీ ఆపకండి. మేము ఆరు వారాలు లాగ్ మాత్రమే రాసుకున్నాం. ఎవరి లెక్కలోనూ లేని హాజరు యంత్రాలు, సీసీ కెమెరా రికార్డర్లు, మీటింగ్ గది టీవీ అప్పుడే బయటపడ్డాయి. సర్టిఫికెట్ పెట్టలేని ఇలాంటి వాటికి మ్యాక్ జాబితా తప్పదు. అయితే వాటిని వేరే వీల్యాన్‌లో (అదే స్విచ్‌లో విడిగా కత్తిరించిన నెట్‌వర్క్ భాగం) ఉంచి, ప్రింటర్ ప్రింట్ సర్వర్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకుండా కట్టడి చేయండి. ఫోన్లకు గెస్ట్ వైఫై ఇవ్వండి. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ బదులు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత మ్యాక్ చూపిస్తాయి కాబట్టి అక్కడ జాబితా అసలే నిలవదు.

ఇంకొకటి. ప్రసూతి సెలవు నుంచి వచ్చిన ఒక సహోద్యోగి ల్యాప్‌టాప్‌లో సర్టిఫికెట్ గడువు తీరిపోయింది. కొత్తది తెచ్చుకోవాలంటే నెట్‌వర్క్ కావాలి, నెట్‌వర్క్‌లోకి రావాలంటే సర్టిఫికెట్ కావాలి. ఆమె మధ్యాహ్నం దాకా ఖాళీగా కూర్చోవలసి వచ్చింది. ఆ సాయంత్రమే, ఇలా గడువు తీరిన కంప్యూటర్ల కోసం, సర్టిఫికెట్ సర్వర్, డొమైన్ కంట్రోలర్ (యాక్టివ్ డైరెక్టరీని నడిపే సర్వర్) తప్ప మరేదీ కనిపించని ఒక చిన్న వీల్యాన్ ఏర్పాటు చేశాను. మీరు దాన్ని ముందే పెట్టుకోండి.