జిగ్‌సా కొనే ముందు పిడి సంగతి చూడు అల్లుడూ

ఒరే అల్లుడూ,

నిన్న ఫోన్లో అడిగావు కదా, జిగ్‌సా, అదే చెక్కని వంపులు తిప్పి కోసే చేతి కరెంటు రంపం, కొందామనుకుంటున్నా మావయ్యా, డి హ్యాండిల్ తీసుకోనా బ్యారెల్ తీసుకోనా అని. అప్పుడు నేను మద్దిలపాలెం దగ్గర బస్సులో ఉన్నా, ఆ హారన్ల గోలలో సరిగ్గా చెప్పలేకపోయా, అందుకే ఇంటికొచ్చి తీరుబడిగా రాస్తున్నా. రోజుకి ఐదారు గంటలు నీ చేతిలో ఉండబోయే మిషన్ అది, రెండు ముక్కల్లో తేల్చేసే విషయం కాదు.

షాపుకెళ్తే వాళ్ళు వాట్స్ గురించి చెప్తారు, బ్రాండ్ గురించి చెప్తారు, పిడి గురించి ఎవరూ చెప్పరు. నిజానికి పెద్ద కంపెనీలు ఒకే మిషన్‌ని రెండు రకాల పిడులతో అమ్ముతాయి. మకీటాలో 4350 డి హ్యాండిల్, 4351 బ్యారెల్, రెండిట్లోనూ మోటారు 720 వాట్స్, బ్లేడు పైకీ కిందకీ ఆడేది 26 మిల్లీమీటర్లు, నిమిషానికి 800 నుంచి 2800 స్ట్రోకులు, అంటే లోపల సరుకు ఒకటే. బాష్‌లో కూడా జీఎస్టీ 150 బీసీఈ, 150 సీఈ అని అలాగే జంటగా ఉన్నాయి. కాబట్టి దేనికి పవర్ ఎక్కువ అని అడక్కు. నీ చెయ్యి చెక్కకి ఎంత ఎత్తులో ఉండాలి అనేది చూసుకో, తేడా అంతా అక్కడే ఉంది.

డి హ్యాండిల్ అంటే ఇస్త్రీ పెట్టె పిడి లాగా మోటారు పైన విడిగా ఉంటుంది, చెయ్యి చెక్కకి జానెడు ఎత్తులో ఉంటుంది. బ్యారెల్‌కి వేరే పిడి ఉండదు, మోటారు బాడీనే గుప్పిట్లో పట్టుకోవాలి, చెయ్యి బాగా కిందకి, బ్లేడు వెనకాలకి వచ్చేస్తుంది. ఈ మిషన్ పుట్టిందే కుట్టు మిషన్‌లోంచి, తెలుసా, 1946లో స్విట్జర్లాండ్‌లో సింటిల్లా కంపెనీలో ఆల్బర్ట్ కౌఫ్‌మన్ అనే ఇంజనీరు సూది తీసేసి ఆ చోట రంపం బ్లేడు పెట్టి చూశాడు. మీ అత్త జాకెట్టు మెడ తిప్పేటప్పుడు గమనించు, చెయ్యి సూది పక్కనే గుడ్డకి ఆనించి ఉంటుంది, పైనెక్కడో ఉండదు. వంపు తిప్పే పనికి చెయ్యి దగ్గరగా ఉండాలి, చెక్కకైనా అంతే.

ఎందుకో చెప్తా విను. జిగ్‌సా బ్లేడుకి ఒక కొసే పట్టు, రెండో కొస గాల్లో ఉంటుంది, పక్క నుంచి కుసింత ఒత్తిడి పడినా వంగిపోతుంది. పూజా మందిరానికి ఆర్చి కోస్తున్నావనుకో, వంపు దగ్గర చెయ్యి ఎత్తులో ఉంటే మణికట్టు తెలీకుండానే పక్కకి వాల్తుంది, బేస్ ప్లేటు, అంటే చెక్క మీద ఆనే కింది రేకు, ఒక అంచు వెంట్రుకవాసి లేస్తుంది. పైన చూస్తే కోత గీత మీదే ఉంటుంది, తిరగేసి చూస్తే రెండు మిల్లీమీటర్లు లోపలికి పోయుంటుంది. అలాంటి ఆర్చీలు రెండు పక్కపక్కన పెడితే కలవవు, ఇక ఇసుక కాగితం పట్టుకుని పూటంతా రుద్దుకోవడమే. బ్యారెల్‌తో ఆ బాధ పూర్తిగా పోతుందని చెప్పను గానీ బాగా తగ్గుతుంది, ఎందుకంటే తోసే బలం బేస్ ప్లేటు దగ్గరే పడుతుంది.

ఇంకోటి, నువ్వు చేసేదంతా మైకా అంటించిన ప్లైవుడ్ కదా. మామూలు బ్లేడు పళ్ళు పైకి లాగేటప్పుడు కోస్తాయి, అందుకే పై మైకా పెచ్చులూడుతుంది. బల్ల మీద ఉన్న ముక్కయితే తిరగేసి కోసుకుంటాం, ఫిక్స్ చేసేసిన టాప్‌ని ఎలా తిరగేస్తాం? ఋషికొండ ఐటీ హిల్ మీద ఒక ఆఫీసులో టేబుల్ టాప్‌లన్నీ బిగించాక వైర్ బాక్సులకి కోతలు పెట్టమన్నారు, నా దగ్గర అప్పుడు డి హ్యాండిలే ఉంది, పై నుంచి కోశా, మూడు టేబుళ్ళకి గీత పొడవునా తెల్లగా పెచ్చులు లేచిపోయాయి, టాప్‌లు నా డబ్బుతోనే మార్చి ఇచ్చా. అదే బ్యారెల్ అయితే టేబుల్ కింద నుంచి మిషన్‌ని తలకిందులుగా పట్టి కోయొచ్చు, పళ్ళు కిందకి లాగుతాయి కాబట్టి పై మైకా నున్నగా ఉంటుంది, గీత కూడా కళ్ళముందే కనిపిస్తుంది. కాకపోతే బ్లేడు నీ వైపుకే లేస్తుంది, కళ్ళద్దాలు లేకుండా, రెండో చెయ్యి ఎక్కడుందో చూసుకోకుండా ఆ పని మొదలెట్టకు.

అలాగని డి హ్యాండిల్ తక్కువదని కాదు. దానికి ట్రిగ్గర్ ఉంటుంది, వేలు మెల్లగా నొక్కితే మెల్లగా మొదలవుతుంది, అల్యూమినియం సెక్షనో యాక్రిలిక్కో కోసేటప్పుడు అది చాలా సుఖం. నిచ్చెన మీద ఒంటి చేత్తో కోయాల్సి వచ్చినా అదే మేలు. బ్యారెల్‌కి స్లైడ్ స్విచ్, ఒకసారి తోస్తే ఆన్‌లోనే ఉండిపోతుంది, స్పీడు డయల్ తిప్పి పెట్టుకోవాలి. ఈ స్విచ్ సంగతి నీకు గట్టిగా చెప్పాలి. 2014 అక్టోబర్లో హుద్‌హుద్ తరవాత ఊరంతా కరెంట్ లేదు, గాజువాకలో ఒకళ్ళింట్లో విరిగిన తలుపులు బాగుచేస్తూ జనరేటర్ మీద పనిచేస్తున్నాం, మధ్యలో పెట్రోల్ అయిపోయి మిషన్ ఆగింది, నేను స్విచ్ వెనక్కి లాగకుండా అలాగే చెక్క మీద పెట్టి పక్కకి తిరిగా. కుర్రాడు పెట్రోల్ పోసి జనరేటర్ స్టార్ట్ చేశాడో లేదో మిషన్ ఒక్కసారి ఎగిరి నా కాలి పక్కన పడింది, బ్లేడు విరిగింది, బేస్ ప్లేటు వంగింది, అర అడుగు ఇటు పడుంటే నా పాదం ఏమయ్యేదో. డి హ్యాండిల్‌కైనా లాక్ బటన్ నొక్కి వదిలితే ఇదే జరుగుతుంది, కానీ లాక్ వేయకపోతే వేలు తియ్యగానే ఆగుతుంది కదా. బ్యారెల్ కొంటే కరెంట్ పోయిన వెంటనే స్విచ్ వెనక్కి లాగి ప్లగ్ పీకడం అలవాటు చేసుకో, నీ దగ్గర పనిచేసే కుర్రాళ్ళకి కూడా నేర్పు.

వేడి గురించి కూడా చెప్పాలి. బ్యారెల్‌లో నువ్వు పట్టుకునేది మోటారునే, గంటసేపు ఆగకుండా కోస్తే అరచెయ్యి వెచ్చబడుతుంది, దానికి తోడు మన విశాఖ ఉక్కపోత, చేతికి చెమట, పట్టు జారుతుంది. పైపెచ్చు బాడీ లావు. నీది మీ అమ్మ చెయ్యి, చిన్నది, వేళ్ళు పొట్టి. అదొక్కటే నా అనుమానం.

నువ్వు పెందుర్తి షెడ్డులో చేసే పని చూస్తే, మందిరాలు, మైకా ప్లై, ఎక్కువ బల్ల మీద పని, నేనైతే బ్యారెలే కొనమంటా. కానీ షాపులో కౌంటర్ దగ్గర నిలబడి పట్టుకుని చూస్తే తెలీదు, నువ్వు కోసేది మోకాలెత్తు స్టాండు మీద కదా, ఆ ఎత్తులో ఏదైనా అట్టపెట్టె పెట్టమని దాని మీద మిషన్ పెట్టి, ప్లగ్ లేకుండానే, ఆర్చి గీసినట్టు రెండు సార్లు తిప్పి చూడు. బొటనవేలికి స్విచ్ అందాలి, పట్టు మార్చకుండా ఆఫ్ చెయ్యగలగాలి. అందకపోతే మొహమాటపడకుండా డి హ్యాండిల్ తీసుకో, కోసేటప్పుడు ఎడమ అరచెయ్యి మిషన్ తల మీద ఆనించి కిందకి అదిమి పెట్టు, సగం వాలుడు దానితోనే పోతుంది. మన ఊళ్ళో షాపుల్లో ఎక్కువ డి హ్యాండిళ్ళే పెడతారు, బ్యారెల్ కావాలంటే ఆర్డర్ ఇవ్వాల్సి రావచ్చు, బేగి కావాలని చేతికొచ్చింది తెచ్చేసుకోకు.

బ్లేడ్లు మాత్రం మిషన్ ఏదైనా టీ షాంక్‌వే, అంటే మిషన్‌లో బిగించే కొస ఇంగ్లీషు టీ అక్షరంలా ఉండేవే, నున్నటి కోతకి టీ101బీ, మైకాకి పళ్ళు తిరగేసి ఉండే టీ101బీఆర్, దానితో కోసేటప్పుడు మిషన్ పైకి తన్నుతుంది, గట్టిగా అదిమి పట్టుకో.

నా పాత బ్యారెల్ మిషన్ కంచరపాలెం ఇంట్లోనే ఉంది, డబ్బు కట్టే ముందు ఆదివారం వచ్చి దానితో కోసి చూడు. పొద్దున చల్లటి పూట కాదు, మధ్యాహ్నం రెండింటికి రా, చేతికి చెమట పట్టాలి. 18 మిల్లీమీటర్ల ప్లై ముక్కల మీద నాలుగు ఆర్చీలు గీసి పెడతా, నాలుగూ కోసి, తిరగేసి కింది గీత నాకు చూపించు.

మీ మావయ్య